గర్భిణుల తుంటి యెముక వ్యాధి



చిత్తూరు జిల్లా ఐరాల మండలములో కాణిపాకము ఉన్నది. బాహుదా నది యొడ్డున వెలసిన వరసిద్ధి వినాయకుని సన్నిధిలో ప్రమాణము చేసి అబద్ధమాడుటకు ఎంతటివాడైనను జంకునని ఆ ప్రాంతమున ప్రతీతి. పొలము గట్టు తగవు కానిండు, అప్పు తగవు కానిండు, “కాణిపాకములో ప్రమాణము చేయుదువా?” అను ఒక్క ప్రశ్నతో తేలిపోవుట కద్దు. నోటిమాటకు అంతటి విలువ నిచ్చు ఆ నేలమీద సయితము, ఒక మాటను మాత్రము మనము తేలికగా త్రోసివేయుచుందుము. ఏడవ నెలయో ఎనిమిదవ నెలయో నిండిన కోడలు “తుంటి నొప్పిగా ఉన్నది, కాలు మోపలేకున్నాను” అని చెప్పుకొను మాట అది.

“కడుపుతో ఉన్నప్పుడు నొప్పులుండవా ఏంది? కాన్పయితే అదే పోతాదిలే” అని ఇంటిలోని పెద్దలు ఓదార్పుగా అందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. గర్భిణులకు వచ్చు నొప్పులలో చాలా భాగము ప్రసవానంతరము పోవునవే. నేడు నేను ప్రస్తావింపబోవు వ్యాధి కూడ తుదకు దానంతట అది నయమగునదే. కాని నయమగుటకు ముందు గడచు ఆ కొన్ని నెలలలోనే అపాయము పొంచియున్నది. ఆ నెలలలో ఆమె మాటను విన్న యింట ఏమియు జరుగదు. విననియింట తుంటి యెముక విరుగవచ్చును. నేను వైద్యుడను కాను. వైద్యులు వ్రాసినదానిని చదివి, సామాన్యులకు ఉపయోగపడు రీతిని విన్నవించుట మాత్రమే నా పని.

మొదట తుంటి కీలు ఎట్లుండునో చూతము. మన యిండ్లలోని రుబ్బురోలును తలచుకొనుడు. రోటి గుంటలో పొత్రము ఇమిడి అన్ని వైపులకును తిరుగును గదా. తుంటి కీలు కూడ దాదాపు అట్టిదే. కటి యెముకలో గిన్నె వంటి గుంట యున్నది. తొడ యెముక పైకొన గుండ్రని తలగా ఏర్పడి ఆ గుంటలో ఇమిడియున్నది. ఆ తలకును తొడ యెముక కాండమునకును నడుమ, ఏటవాలుగా, సన్నని మెడ యున్నది. మనము నిలిచినను, నడచినను, మెట్లెక్కినను దేహభారమంతయు ఆ మెడ మీదుగానే కాలికి దిగును. ఈ మెడయే మన కథలో ముఖ్యమైన తావు.

గర్భిణులకు నడుము క్రింది భాగమున నొప్పి వచ్చుట మిక్కిలి సాధారణము. సుమారు ఐదుగురిలో ఒకరికి కటి కీళ్ళ యొద్ద నొప్పి కలుగునని వైద్యులు లెక్కించినారు. ప్రసవమునకు అనువుగా ఆ కీళ్ళను బిగించియుంచు కట్లు కొంత సడలుట, పెరిగిన గర్భము వలన నడక తీరు మారుట దీనికి హేతువులు. ఈ సాధారణమైన నొప్పి ఎక్కువగా వెనుక ప్రక్క, పిరుదుల పైభాగమున గాని, ముందు ప్రక్క పొత్తికడుపు దిగువనున్న ఎముకల కూడలి యొద్ద గాని తెలియును. ప్రక్క మీద పొర్లునప్పుడు, ఒంటికాలిపై నిలిచి చీర కుచ్చెళ్ళు సర్దుకొనునప్పుడు బాధించును. అయినను ఆమె నడువగలదు.

తుంటి యెముక వ్యాధి ఇట్టిది కాదు. ఇందు నొప్పి గజ్జలో పుట్టును. అచ్చటినుండి తొడ ముందు భాగమునకు, కొందరికి మోకాలి వరకును దిగును. దెబ్బ తగిలినది లేదు, జారిపడినది లేదు. అయినను కొన్ని దినములలో, లేదా కొన్ని వారములలో హెచ్చుచు వచ్చును. పడుకొన్నచో ఉపశమించును, కాలు నేలపై మోపి బరువు వేసినచో పొడిచినట్లగును. ఆమెకు తెలియకుండగనే నడకలో కుంటు వచ్చును. చాలా మందికి ఇది చివరి మూడు నెలలలోనే ఆరంభమగును. కొందరికి ప్రసవమైన తరువాత బయటపడును. సాధారణముగా ఒక తుంటికే వచ్చును గాని, రెండింటికి వచ్చుటయు కలదు.

ఈ వ్యాధిని ప్రత్యేకముగా గుర్తించి వ్రాసినవారు అమెరికా వైద్యులు కర్టిస్, కింకెయిడ్ అనువారలు. 1959లో ఒక శస్త్రవైద్య పత్రికలో వారు ముగ్గురు గర్భిణుల వృత్తాంతమును ప్రకటించిరి. ఎక్స్‌రే చిత్రములలో ఆ స్త్రీల తుంటి యెముక పలుచబడి, నీడవలె వెలవెలబోయి కనబడెను. కొన్ని నెలలకు అదే యెముక తిరిగి పూర్వపు గట్టిదనమును పొందెను. పోయిన సున్నపు ధాతువు దానంతట అది తిరిగి వచ్చుటయే ఇందలి వింత. 1968లో లెకేన్ అను ఫ్రెంచి వైద్యుడు దీనికి తుంటి యొక్క తాత్కాలిక అస్థిక్షీణత అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఎం.ఆర్.ఐ. యంత్రములు వచ్చిన తరువాత, 1988లో, ఎముక లోపలి మజ్జలో నీరు చేరియుండుటను వైద్యులు స్పష్టముగా చూడగలిగిరి. గర్భిణులకే గాక నడివయసు పురుషులకును ఈ వ్యాధి వచ్చునని తేలినది. నిజమునకు వారిలోనే ఎక్కువ. ఇది అరుదైన వ్యాధి. అరుదైనది గనుకనే పలువురు దీనిని ఊహింపరు. ఊహింపనిదానిని గుర్తించుటయు కష్టము.

దీనికి మూలకారణ మేమి? వైద్యశాస్త్రము ఇంకను తుది నిర్ణయమునకు రాలేదు. ఆ భాగమున రక్తప్రసారము మారుట యని కొందరు, పిండభారము వలన నరములు నొక్కుకొనుట యని కొందరు, బలహీనమైన ఎముకలో కంటికి కనరాని సన్నని బీటలు పడుట యని కొందరు చెప్పుదురు. కారణ మేదైనను, గర్భధారణ కాలమున తల్లి యెముకలపై పడు భారమును మాత్రము మనము లెక్కగట్టవచ్చును. పుట్టబోవు శిశువు అస్థిపంజరము కట్టుటకు సుమారు 30 గ్రాముల కాల్షియము కావలెను. అందులో ఐదింట నాలుగు వంతులు చివరి మూడు నెలలలోనే బిడ్డకు చేరును. ఈ యక్కరను తీర్చుటకు ప్రకృతి తల్లి ప్రేగులకు ఒక శక్తి నిచ్చినది: తిన్న ఆహారమునుండి కాల్షియమును గ్రహించు సామర్థ్యము గర్భకాలమున దాదాపు రెట్టింపగును. అయితే గ్రహించుటకు ఆహారములో అది ఉండవలెను గదా! కంచములో లేనిదానిని ప్రేగులు తేలేవు. అప్పుడు తల్లి యెముకలే బిడ్డకు ధాన్యపు గాదెలగును. ప్రసవానంతరము స్తన్యమిచ్చు నెలలలో ఈ గాదె మరికొంత తరుగును. పాలు మాన్పించిన పిమ్మట క్రమముగా నిండును. ఆరోగ్యవతికి ఇది సహజమైన రాకపోకయే. ముందే వట్టిపోయిన గాదెకు మాత్రము ఇది కష్టకాలము.

మన ప్రాంతపు గాదెలు నిండియున్నవా? ఈ ప్రశ్నకు సమాధానము దూరమున వెదుకనక్కరలేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సి. వి. హరినారాయణ్, వారి సహచరులు చిత్తూరు సీమ ప్రజలను పరీక్షించి, 2007లో తమ ఫలితములను అమెరికా పోషణశాస్త్ర పత్రికలో ప్రకటించిరి. వారు పరీక్షించినది రోగులను కాదు, ఆరోగ్యముగా తిరుగుచున్నవారిని. పల్లెవారును పట్టణవాసులును తినవలసినదానికంటె మిక్కిలి తక్కువ కాల్షియము తినుచున్నారని తేలినది. ఎముకకు కాల్షియమును చేర్చు డి విటమిను విషయమున, పల్లెలలోని పురుషులలో నూటికి 44 మందికి, స్త్రీలలో నూటికి 70 మందికి లోపము కనబడెను. పట్టణములో పురుషులకు 62, స్త్రీలకు 75 చొప్పున కనబడెను.

డి విటమిను ముఖ్యముగా ఎండ తగిలిన చర్మములో పుట్టును. ఎండకు కొదువలేని సీమలో దాని లోపమేమని మీరు ఆశ్చర్యపడవచ్చును. తిరుపతి ఆకాశము క్రింద ఈ విటమిను బాగుగా తయారగు వేళ పగలు 11 గంటలనుండి 2 గంటల వరకని అదే సంస్థలో జరిగిన పరిశోధన తెలిపినది. సరిగా ఆ వేళకే మనము నీడ చేరుదుము. చామనచాయ చర్మమునకు ఎండ మరింతసేపు కావలసియుండును. పైగా స్త్రీలకు నిండు చీర, వంటయిల్లు. చొక్కా విప్పి చేనులో దున్ను రైతుకును, పొయ్యి యెదుట గడపు ఇల్లాలికిని ఉన్న తేడాయే పై లెక్కలలో కనబడుచున్నది. కాశ్మీరములో పనిచేసిన కాథ్లీన్ వాన్ అను వైద్యురాలు 1928లో ప్రకటించిన గ్రంథములో, ఘోషాలో బ్రతుకు స్త్రీల ఎముకలు మెత్తబడి, కటి వంగి, ప్రసవము ప్రాణాంతకమగుటను వర్ణించినది. బయట ఎండలో పాటుపడు స్త్రీలకు ఆ దుస్థితి రాదని ఆమె గమనించినది. అది ఆస్టియోమలేషియా అను వేరొక వ్యాధి. తుంటి క్షీణతయు అదియు ఒకటి కావు. తుంటి వ్యాధికి ఈ లోపములే కారణమని నిర్ధారణయు కాలేదు. అయినను బలహీనమైన ఎముకపై తుంటి వ్యాధి వచ్చి పడినచో, ఎముక విరుగుట మరింత సులభమని వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అపాయము సంగతి. ఒక మనిషి నడుచునప్పుడు తుంటి కీలుపై పడు ఒత్తిడి దేహభారమునకు సుమారు రెండున్నర రెట్లు. 60 కిలోల బరువుగల స్త్రీ అడుగు వేసిన ప్రతిసారియు ఒక తుంటిపై 150 కిలోల ఒత్తిడి పడుచున్నదన్నమాట. ఇదెట్లన, ఏతమును తలచుకొనుడు. ఒంటికాలిపై నిలిచినప్పుడు దేహమంతయు కీలుకు ఒక ప్రక్కన, దూరముగా వ్రేలాడుచుండును. అది ఒరిగిపోకుండ రెండవ ప్రక్కన, కీలుకు మిక్కిలి దగ్గరగా ఉన్న కండరములు లాగి పట్టవలెను. పొట్టి కొననుండి లాగువానికి శ్రమ హెచ్చు. ఆ లాగుడును, దేహభారమును రెండును కలిసి కీలుపై పడును. ఎముక గట్టిగా ఉన్నంతకాలము ఇది లెక్కలోనిది కాదు. పలుచబడిన మెడపై ఇంత ఒత్తిడి పడుచుండగా, ఒక నీళ్ళబిందె, ఒక కట్టెలమోపు, బావి గట్టున చిన్న జారుడు చాలును.

దీనికి విరుగుడు అతి చవుకైనది: ఒక చేతికర్ర. కీలుకు దూరముగా రెండవ ప్రక్కనుండి చేయి కొద్దిగా ఆనినను కండరముల శ్రమ చాలా వరకు తగ్గును. కనుక కర్రను నొప్పిలేని ప్రక్క చేతితో పట్టవలెను. కుడి తుంటి నొప్పియైనచో ఎడమ చేత, ఎడమ తుంటి నొప్పియైనచో కుడి చేత. చాలామంది నొప్పి యున్న ప్రక్కనే పట్టుదురు; అందువలన ప్రయోజనము స్వల్పము. నొప్పి తీవ్రముగా నున్నచో వైద్యులు చంకకర్రలు గాని, నాలుగు కాళ్ళ నడక చట్రము గాని వాడుమందురు. నిండు గర్భిణి చేత కర్ర పట్టుట చూచువారికి వింతగా తోచవచ్చును. నలుగురి చూపునకు వెరచి కర్ర విడుచుట కంటె, కర్ర పట్టి ఎముకను నిలుపుకొనుట మేలు.

ఈ సందర్భమున పుత్తూరు కట్టును గురించి ఒక మాట. పుత్తూరు సమీపమున రాచపాళెములో నూరేండ్లకు పైబడి సాగుచున్న ఎముకల వైద్యము దక్షిణదేశమంతట ప్రసిద్ధము. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డకట్టు – వీనితో చేయి విరిగినవారికి, కాలు బెణికినవారికి ఉపశమనము కలిగినదని చెప్పువారు మన సీమలో ఇంటికొకరు కనబడుదురు. ఎముక నొప్పియనగానే అటు పోదమనుట అలవాటైనది. కాని తుంటి వ్యాధిలో తొలినాళ్ళయందు విరిగిన ఎముక లేదు. కుదుర్చవలసిన కీలు లేదు. లోతున నున్న తుంటికి బద్ద కట్టుటకు తావును లేదు. పలుచబడిన ఎముకను గట్టిగా నొక్కుట, తోముట, కాలు పట్టి లాగుట, నూనెతో బలముగా మర్దించుట హానిని కలిగింపవచ్చును. కనుక గర్భిణికి తుంటిలో నొప్పి వచ్చినప్పుడు మొదట పోవలసినది ఆసుపత్రికి.

అక్కడ వైద్యులేమి చేయుదురు? ముందుగా నొప్పి చోటును, నడకను, కీలు కదలికను పరీక్షించెదరు. ఎక్స్‌రే చిత్రములో ఈ మార్పు నొప్పి మొదలైన మూడు మొదలు ఆరు వారములకు గాని తెలియదు. అందుచేత తొలినాటి చిత్రము బాగున్నదన్నంత మాత్రమున వ్యాధి లేదనుటకు వీలులేదు. గర్భిణికి అనవసరముగా ఎక్స్‌రే తీయుట ఎటులనూ పరిహరింపదగినది. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణములుండవు, అయస్కాంతశక్తితో పనిచేయును. రంగుమందు ఎక్కింపకయే దీనిచేత వ్యాధిని తొలిదశలోనే చూడవచ్చును. చిత్తూరులోను, తిరుపతిలోను పెద్ద ఆసుపత్రులున్నవి గనుక ఐరాల వంటి చోటివారికి ఇది అందరాని దూరము కాదు.

పరీక్ష ఎందుకు అవసరమనగా, తుంటి నొప్పికి ఇతర కారణములును ఉండును గనుక. సాయంకాలపు జ్వరము, చిక్కిపోవుట, రాత్రి నొప్పి యున్నచో కీలు క్షయయేమో చూడవలెను. తీవ్రజ్వరముతో కాలు కదపలేకున్నచో కీలులో చీము పట్టినదేమో యని త్వరపడవలెను. తొడ యెముక తలకు రక్తము అందక అది చచ్చుపడు వ్యాధి మరియొకటి. స్టెరాయిడు మందులు చిరకాలము వాడినవారికి, కొడవలి కణముల రక్తవ్యాధి గలవారికి అది వచ్చు నవకాశము హెచ్చు. అది దానంతట అది తగ్గునది కాదు. దానికి వైద్యము వేరు. తెలుగు దేశమున త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసిపోవు వ్యాధి కలదని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములను పరిశీలించిన వైద్యులు లోకమునకు తెలిపినారు. ఇట్లు నొప్పి యొక్కటే యైనను మూలములు పెక్కు. మూలమును తెలియక మందు మ్రింగుట చీకటిలో రాయి విసరుట వంటిది.

తుంటి క్షీణత యని తేలిన పిమ్మట చికిత్స సులువైనదే గాని ఓపికను కోరునది. బరువు తగ్గించుటయే ప్రధాన చికిత్స. నేలమీద గొంతు కూర్చుండుట, బిందెలు మోయుట, మెట్లెక్కుట, పొలములో వంగి కలుపు తీయుట మానవలెను. ఎత్తైన పీట గాని కుర్చీ గాని వాడవలెను. మరుగుదొడ్డిలో కుర్చీవంటి ఆసనము అమర్చినచో మేలు. రాత్రి లేచి పోవు దారిలో దీపముండవలెను. తడి నేల ఉండరాదు. అట్లని పూర్తిగా మంచము పట్టుటయు మంచిది కాదు. వైద్యుడు చెప్పిన మేరకు కాళ్ళు కదుపుచుండవలెను. నొప్పికి అంగడిలో దొరకు మాత్రలను స్వయముగా కొని వేసికొనరాదు. సామాన్య నొప్పి మాత్రలలో కొన్ని చివరి నెలలలో కడుపులోని బిడ్డ గుండెకు, మూత్రపిండములకు కీడు చేయును. ఏది వాడదగినదో వైద్యుడే చెప్పవలెను.

కాల్షియము మాత్రల విషయమున భారత ప్రభుత్వము 2014లో ఒక విధానమును నిర్దేశించినది. గర్భిణులకు 14వ వారమునుండి, ప్రసవానంతరము ఆరు నెలల వరకు, దినమునకు రెండు మాత్రలు ఇవ్వవలెనని అందున్నది. ఒక్కొక్క మాత్రలో 500 మిల్లీగ్రాముల కాల్షియము, దానితోపాటు డి విటమిను ఉండును. వీనిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి పొందవచ్చును. రెండు నియమములు గుర్తుంచుకొనుడు. పరగడుపున వేసికొనరాదు, భోజనముతో వేసికొనవలెను. రక్తహీనతకై ఇచ్చు ఇనుము మాత్రను, దీనిని ఒకేసారి మ్రింగరాదు. ఒకటి మరియొకదానిని ఒంటబట్టనీయదు. నడుమ కొన్ని గంటల వ్యవధి యుండవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు వైద్యుల పరీక్ష జరుగు ఏర్పాటు 2016 నుండి ఉన్నది. ఆనాడు తుంటి నొప్పిని దాచక చెప్పుకొనవచ్చును.

మాత్రలు సరే, కంచము మాటేమి? ఈ విషయమున మన తాతముత్తాతలే తెలివిగలవారు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. అంతే పాలిషు బియ్యములో 10 మిల్లీగ్రాములకు మించి లేదు. రాగిసంగటి పోయి వరియన్నము వచ్చిన యింట ఎంత తరిగినదో మీరే లెక్కవేసికొనుడు. రాగులలో ఫైటేటు అను పదార్థము కాల్షియమును కొంత పట్టియుంచును. రాగులను మొలకెత్తించినను, అంబలి కాచి రాత్రంతయు పులియబెట్టినను ఆ పట్టు సడలును. పూర్వులు ఫైటేటు పేరెరుగకపోయినను అంబలి పులియబెట్టుట ఎరుగుదురు. నువ్వులలో 100 గ్రాములకు వేయి మిల్లీగ్రాములకు పైబడి కలదు; మన ఊరి బెల్లముతో కలిపి ఉండలు కట్టుకొన్నచో రుచికి రుచి, బలమునకు బలము. ఆవుపాలలో 100 గ్రాములకు సుమారు 120 మిల్లీగ్రాములు. పాడి పశువున్న యింట పాలన్నియు కేంద్రమునకు పోసి, గర్భిణికి మజ్జిగ తేటయైన మిగల్పని రోజు రాకూడదు. పెరటిలోని మునగాకు, ఉలవచారు, తోటకూర – ఇవియును సాయపడును. దినమునకు గర్భిణికి 1000 మిల్లీగ్రాములు, పాలిచ్చు తల్లికి 1200 మిల్లీగ్రాములు కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది.

బాలింతల పథ్యమును గురించియు ఒకటి చెప్పవలెను. గాలి తగులనీయని చీకటి గది, కారముతో పిడికెడు అన్నము, చలువ చేయునని పాలు, పెరుగు, ఆకుకూరలను మాన్పించుట – ఇవి కొన్ని యిండ్లలో నేటికిని ఉన్నవి. బిడ్డకు పాలతో పాటు తన ఎముకలలోని కాల్షియమును ధారవోయు కాలమున తల్లికి ఆహారమును, వెలుతురును తగ్గించుట న్యాయము కాదు. ప్రేమతోనే చేయుదురు, కాని ప్రేమ కూడ తెలివితో చేరినప్పుడే మేలగును. తుంటి వ్యాధి యున్న తల్లి ఎంతకాలము స్తన్యమివ్వదగునో వైద్యునితో ఆలోచించి నిశ్చయించుకొనవలెను. తనంతట తానే భయపడి మానరాదు.

ప్రసవము మాటకు వత్తము. తుంటి వ్యాధి యున్నంత మాత్రమున శస్త్రచికిత్సతోనే బిడ్డను తీయవలెనన్న నియమము లేదు. ఎముక విరుగక యున్నచో సహజప్రసవము పలువురికి సాధ్యమే. కాని నొప్పులు వచ్చిన వేళ కాళ్ళను ఎంతవరకు వంచవచ్చును, ఎట్లు పట్టవలెను అనుటను ముందుగా తెలిసికొనవలెను గనుక, ప్రసవము చేయు వైద్యురాలికి, నర్సుకు తుంటి సంగతి తప్పక తెలుపవలెను. నడుచుచుండగా ఫట్టుమని కాలు చేతకాకపోయినను, కాలు పొట్టియైనట్లు గాని పాదము బయటకు తిరిగినట్లు గాని కనబడినను, ఆమెను లేవదీసి నడిపింపక, పడుకొనబెట్టి 108కి కబురు చేయవలెను. ఎముక విరిగినచో శస్త్రచికిత్స అవసరము, ఆలస్యము హానికరము.

విరుగకుండ కాపాడుకొన్నచో కథ శుభముగానే ముగియును. ఆరు, ఎనిమిది నెలలలో, కొందరికి ఏడాదిలోపల, నొప్పి తొలగి, ఎముక తిరిగి గట్టిపడును. కుంటు మిగులదు. అయితే మరుసటి కాన్పులో గాని, రెండవ తుంటికి గాని ఇది మరల రావచ్చును. కనుక ఒకసారి వచ్చినవారు తరువాతి కాన్పునాడు మొదటి పరీక్షలోనే వైద్యునికి చెప్పవలెను. కాన్పుకు కాన్పుకు నడుమ తగినంత ఎడమిచ్చుట ఎముకల గాదె నిండుటకు అవకాశమిచ్చుటయే.

అత్తలకు, ఆడపడుచులకు, ముఖ్యముగా భర్తలకు నా మనవి ఒక్కటి. నెలలు నిండిన స్త్రీ పని తప్పించుకొనుటకై కుంటుచున్నదని అనుకొనకుడు. నొప్పి కంటికి కనబడదు. మొదటి వారములలో ఎక్స్‌రేకు సయితము కనబడదని ఇప్పుడే వింటిరి. యంత్రమునకు తెలియుటకు ముందే ఆమెకు తెలియును. కనుక మొదటి సాక్ష్యము ఆమె మాటయే. ఆ మాటకు కాణిపాకములో ప్రమాణమడుగ నక్కరలేదు. ఆమె చేతిలోని బిందెను మీరందుకొనుడు, ఒక కర్రను చేతికిచ్చుడు, మరునాటి ఉదయమే ఆసుపత్రికి తీసికొనిపొండు. అంతకుమించి కుటుంబము చేయవలసినది ఏమియు లేదు. అంతకు తగ్గి చేయుట మాత్రము తగదు.

సెలవు.